కాలువ ఒడ్డున పాత మిల్లులు: పడగొట్టాలా, ఉంచాలా అని తేల్చే ముందు

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇది. నగరం నడిబొడ్డున పాత సరుకు రవాణా కాలువ ఉంది. పడవలు ఆగిపోయి చాలా ఏళ్లయింది. ఒడ్డున ఒక మిల్లు, రెండు మూడు గోదాములు, ఒక పొగగొట్టం, ఎప్పుడో మూతపడ్డ గ్యాస్ ఫ్యాక్టరీ స్థలం మిగిలాయి. ఇప్పుడు పునరాభివృద్ధి ప్లాన్ వచ్చింది. మిల్లు ముందు గోడను మాత్రం ఉంచి వెనక టవర్లు కడతానని బిల్డర్ అంటున్నాడు. కాలువను కప్పేసి రోడ్డు వేస్తే ట్రాఫిక్ తగ్గుతుందని ఇంకొందరు అంటున్నారు. చుట్టుపక్కల ఉండేవాళ్ల తరఫున మీరు అభ్యంతరాలు రాసివ్వాలి, అందులో ఏం అడగాలన్నది మీ ప్రశ్న.

పాత పారిశ్రామిక కట్టడాలను బాగుచేసి మళ్లీ వాడకంలోకి తేవడమే నా వృత్తి. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఏ భవనం అందంగా ఉంది, ఏది లేదు అనే చర్చతో మొదలుపెట్టకండి. నీళ్లతో, నేలతో మొదలుపెట్టండి. ఆ రెండింటి లెక్క తేలకుండా భవనాల గురించి తీసుకున్న నిర్ణయం ఏదీ నిలవదు. చాలా ప్లాన్లు ఈ వరసను తిరగేస్తాయి. ముందు టవర్ల బొమ్మలు గీస్తారు, మట్టి పరీక్ష చివర్లో చేయిస్తారు, ఖర్చు పెరిగిపోయిందని పాత కట్టడాలను వదిలేస్తారు.

కాలువ ఒడ్డున ఉన్న మిల్లు, గోదాము, రేవు గోడ, లాకు (పడవలను పై మట్టానికో కింది మట్టానికో మార్చే గేట్ల గది), వంతెన దేనికదిగా పుట్టినవి కావు. బొగ్గు పడవలో వచ్చేది. బాయిలర్‌కు నీళ్లు కాలువలోంచే తోడేవాళ్లు. కొన్నిచోట్ల లాకుల దగ్గర నీళ్లు కిందికి పడే ఎత్తును వాడుకుని యంత్రాలు తిప్పేవాళ్లు. తయారైన సరుకు మళ్లీ పడవెక్కేది. అందుకే ఈ భవనాల అసలు ముఖం నీళ్ల వైపు ఉంటుంది. మీ గోదామును ఒకసారి అవతలి గట్టు మీద నిలబడి చూడండి. సరుకు నేరుగా పడవల్లోంచి ఎక్కించుకున్న గోదామైతే ఒక్కో అంతస్తుకు ఒక్కో తలుపు, ఒకదాని మీద ఒకటిగా నిలువు వరసలో కనిపిస్తాయి. ఆ తలుపుల ముందు మెట్లుండవు, బాల్కనీ ఉండదు, తలుపు తీస్తే ఖాళీయే. పైన కప్పు కింద నుంచి ఒక దూలం బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. దానికి కప్పీ తగిలించి తాడుతో బస్తాలు పైకి లాగేవాళ్లు. గుమ్మం అంచు రాయి నున్నగా అరిగి ఉంటే అది బస్తాల రాపిడి. రేవు అంచు రాళ్ల మీద, వంతెన మూలల్లో పడవ తాళ్లు కోసిన గాడులు వేలు దూరేంత లోతుగా ఉండొచ్చు. వీధి వైపున్న అలంకారం చాలాసార్లు ఆఫీసు గుమ్మం కోసం చేసిందే. కాబట్టి బిల్డర్ ఉంచుతానంటున్నది ఏ గోడో ముందు అడగండి. వీధి గోడను ఉంచి నీటి వైపు గోడను పడగొడితే, ఆ భవనం అక్కడే ఎందుకు కట్టారో చెప్పే భాగం పోయినట్టే.

ఈ సంబంధం ఎంత గట్టిదో కెనడాలో మాంట్రియల్‌లోని లషీన్ కాలువ దగ్గర బాగా తెలుస్తుంది. సెయింట్ లారెన్స్ నదిలో పడవలు దాటలేని వడి ప్రవాహాలను తప్పించుకోవడానికి సుమారు 14 కిలోమీటర్ల పొడవున తవ్విన ఆ కాలువ 1825లో మొదలైంది. 1840ల్లో దాన్ని వెడల్పు చేశాక లాకుల దగ్గర దొరికే నీటి శక్తిని ఫ్యాక్టరీలకు లీజుకివ్వడం మొదలుపెట్టారు. పిండి మిల్లులు, మేకుల ఫ్యాక్టరీలు, ఇనుప కార్ఖానాలు వరసగా వెలిశాయి. కాలువ రాతిపని చేసిన కాంట్రాక్టర్లలో ఒకరైన జాన్ రెడ్‌పాత్ 1854లో అదే ఒడ్డున చక్కెర శుద్ధి కర్మాగారం పెట్టాడు. కాలువ కట్టినవాడే దాని మీద ఆధారపడే పరిశ్రమ పెట్టాడన్నమాట. 1959లో పెద్ద ఓడలు పోయే సెయింట్ లారెన్స్ సీవే తెరుచుకోవడంతో ఈ కాలువతో పని తగ్గింది. 1970లో ఓడల రాకపోకలు పూర్తిగా ఆపేశారు. చుట్టుపక్కల కార్మిక వాడల్లో ఉద్యోగాలు పోయాయి. కాలువలో కొంత భాగాన్ని పూడ్చేశారు కూడా. మళ్లీ చిన్న పడవలు తిరగడం మొదలైంది 2002లో. మధ్యలో గడిచిన ముప్ఫై ఏళ్లలో అక్కడ ముందు వచ్చింది ఖరీదైన భవనాలు కాదు, గట్టు వెంట సైకిల్ బాట. జనం నీళ్ల పక్కకు రావడం అలవాటయ్యాకే మిగతావన్నీ వచ్చాయి.

ఇప్పుడు మీ దగ్గర కాలువను కప్పేయాలంటున్నవాళ్ల సంగతి. ఇది కొత్త ఆలోచనేం కాదు. ఇంగ్లండులో మాంచెస్టర్ నుంచి కొండలు దాటి పోయే రాచ్‌డేల్ కాలువ 51 కిలోమీటర్లు, 91 లాకులు. 1952లో దాన్ని దాదాపు మొత్తం మూసేశారు. మాంచెస్టర్ వైపు కొన్ని భాగాల్లో పిల్లలు మునగకుండా ఉండాలని లోతు తగ్గించి కాంక్రీటు పోశారు, నీళ్లు మోకాలి లోతుకు వచ్చేశాయి. పడవ పోదు, పారుదల లేదు, చెత్త నిలిచిపోయింది. ఒకచోట కాలువ దారి మీదే సూపర్‌మార్కెట్ కట్టారు. ఇంకోచోట మోటార్‌వే అడ్డంగా పోయింది. తర్వాత ఆ కాలువే కావాలనుకున్నప్పుడు సూపర్‌మార్కెట్‌ను తీసి పక్కన కట్టాల్సి వచ్చింది, మోటార్‌వే కింద నుంచి కొత్త దారి చూడాల్సి వచ్చింది, ఆ కాంక్రీటంతా తవ్వాల్సి వచ్చింది. 2002లో కాలువ మళ్లీ మొత్తం తెరుచుకుంది. కప్పడానికి అయ్యే ఖర్చు ఒకసారిది, విప్పడానికి అయ్యేది దానికి ఎన్నో రెట్లు. పైగా కాలువ చాలాచోట్ల వాన నీళ్లు పోయే దారి కూడా. దాన్ని పైపులో పెట్టేస్తే ఆ పైపు ఎంత వానకు సరిపోతుంది, అంతకు మించిన వాన వస్తే నీళ్లు ఎవరి ఇళ్లలోకి పోతాయి అని అడగండి. కాగితం మీద లెక్కతో సహా జవాబు కావాలనండి.

కప్పేయకపోయినా పనుల కోసం కాలువను ఎండబెడతామని ప్లానులో ఉంటే అక్కడ ఇంకో ప్రమాదం ఉంది. పాత రేవు గోడలు, ఒడ్డు భవనాలు చాలావాటి కింద చెక్క దుంగల పునాది ఉంటుంది. ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉన్న దుంగ వందల ఏళ్లు నిలవగలదు, ఎందుకంటే చెక్కను కుళ్లబెట్టే శిలీంధ్రాలకు గాలి కావాలి. నీటిమట్టం తగ్గి దుంగ తల బయటపడితే కుళ్లు మొదలవుతుంది. గోడ పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, ఏళ్ల తర్వాత ఒకరోజు ఒరుగుతుంది. పైగా గుర్రబ్బండ్ల బరువుకు కట్టిన గోడల పక్కన ఇప్పుడు లారీలు నడుస్తాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2020 సెప్టెంబరులో గ్రిమ్‌బుర్గ్‌వాల్ దగ్గర రేవు గోడ కాలువలోకి కూలిపోయింది. ఆ నగరంలో ఇప్పుడు దాదాపు 200 కిలోమీటర్ల గోడలను పరీక్షించి బాగుచేసుకునే పెద్ద కార్యక్రమమే నడుస్తోంది. మీ కాలువ ఒడ్డున టవర్ కట్టేటప్పుడు ఇసుక లారీలు, కాంక్రీటు లారీలు ఎటు నుంచి వస్తాయి? రేవు గోడ మీదుగానేనా? ఈ ప్రశ్నకు అనుమతి ఇవ్వకముందే జవాబు రావాలి.

కాలువ అడుగున ఉన్న బంకమన్ను పొర కూడా అలాంటిదే. పాత ఇంజనీర్లు నీళ్లు ఇంకిపోకుండా బంకమన్నును నీళ్లతో పిసికి, పొరలు పొరలుగా పరిచి, మనుషులు తొక్కీ పశువులను తోలి తొక్కించీ గట్టిపరిచేవాళ్లు. ఎండితే అది పగుళ్లిస్తుంది. పక్కన మూడంతస్తుల పార్కింగ్ సెల్లార్ తవ్వేటప్పుడు ఆ పొరకు చిల్లు పడితే నీళ్లు సెల్లార్లోకి దారి చేసుకుంటాయి. ఒడ్డుకు ఎంత దూరంలో ఎంత లోతు తవ్వుతారో డ్రాయింగులో చూపించమని అడగండి.

లాకు తలుపులు, తూములు, నీటి కట్టలను పాత ఇనుప సామానుగా కొట్టిపారేసే ముందు లోవెల్ సంగతి చెప్పాలి. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఇది బట్టల మిల్లుల ఊరు, మిల్లులన్నీ కాలువ నీటితో నడిచేవి. అక్కడి చీఫ్ ఇంజనీర్ జేమ్స్ ఫ్రాన్సిస్ 1850లో పాటకెట్ కాలువ మీద ఒక బ్రహ్మాండమైన చెక్క గేటు కట్టించాడు. అది మామూలుగా పైకి వేలాడుతూనే ఉంటుంది. నదికి పెద్ద వరద వస్తే తప్ప దాంతో పనిలేదు. ఇంత ఖర్చు ఎందుకని జనం దానికి ‘ఫ్రాన్సిస్ పిచ్చిపని’ అని పేరు పెట్టారు. రెండేళ్లకే, 1852లో వరద వచ్చింది. గేటును పట్టి ఉంచిన ఇనుప కడ్డీని నరికి కిందికి వదిలారు, ఊరు మునగకుండా నిలిచింది. 1936 వరదలో మళ్లీ అదే గేటు ఊరిని కాపాడింది. మీ కాలువ మీద ఉన్న పాత తూము కూడా ఇప్పటికీ ఏదో ఒక పని చేస్తుండవచ్చు. నీటిపారుదల తెలిసిన ఇంజనీరు చేత చూపించకుండా దేన్నీ తీసేయనివ్వకండి. లోవెల్ గురించి ఇంకో మాట. 1978లో ఆ కాలువలనూ మిల్లులనూ కలిపి నేషనల్ హిస్టారికల్ పార్కుగా ప్రకటించారు. ఒక మిల్లును, ఒక గోడను కాదు, నీటి వ్యవస్థ మొత్తాన్ని. అక్కడి బూట్ మిల్లు మ్యూజియంలో మరమగ్గాలను ఇప్పటికీ నడిపి చూపిస్తారు. ఆ చప్పుడు వింటేనే ఆ పని ఎలాంటిదో తెలుస్తుంది.

ఇక మట్టి. మీ లిస్టులో గ్యాస్ ఫ్యాక్టరీ స్థలం ఉంది కాబట్టి దీని మీద ఎక్కువ చెబుతాను. బొగ్గు నుంచి గ్యాస్ తీసే ఫ్యాక్టరీలను కాలువల పక్కనే పెట్టేవాళ్లు, బొగ్గు పడవల్లో వస్తుంది కనుక. బొగ్గును మూసిన కొలిమిలో వేడి చేస్తే గ్యాస్‌తో పాటు చిక్కటి తారు దిగుతుంది. అమ్మగా మిగిలింది గుంటల్లోకి, కాలువలోకి పోయేది. ఆ తారు నీటికంటే బరువు. నేలలోకి దిగి, గట్టి పొర తగిలిన చోట పక్కకు పాకుతుంది. వందేళ్లయినా కరిగిపోదు. అందులో క్యాన్సర్ కలిగించే పదార్థాలుంటాయి. తోళ్ల పరిశ్రమ ఉన్నచోట క్రోమియం లేదా ఆర్సెనిక్, రంగుల ఫ్యాక్టరీ ఉన్నచోట సీసం, ఇలా ఏ పరిశ్రమ ఉండేదో దాన్నిబట్టి నేలలో విషం రకం ఉంటుంది. అందుకే ఏ స్థలంలో ఏ సంవత్సరంలో ఏ పని నడిచిందో పాత మ్యాపులు చూసి రాసుకోవడం చరిత్ర మీద ఇష్టంతో చేసే పని మాత్రమే కాదు, ఎక్కడ బోరు వేసి మట్టి తీయాలో చెప్పేది అదే.

కాలువ అడుగు బురదను ఏం చేయాలన్న దాంట్లో రెండు దారులున్నాయి, రెండూ పెద్ద ఎత్తున అమలైనవే. లషీన్‌లో విషపు బురదను కదపకుండా అడుగునే ఉంచేయాలని నిర్ణయించారు. అది పైకి లేవకుండా పడవల వేగానికి గంటకు 10 కిలోమీటర్ల పరిమితి పెట్టారు. న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని గొవానస్ కాలువ దగ్గర అది కుదరలేదు. పొడవు 3 కిలోమీటర్లు కూడా లేని ఆ కాలువ పక్కన మూడు గ్యాస్ ఫ్యాక్టరీలు నడిచాయి. అడుగున సగటున 3 మీటర్ల మందాన నల్లటి తారు బురద పేరుకుంది. 2010లో దాన్ని అమెరికా ప్రభుత్వం అత్యంత కలుషిత ప్రాంతాల జాబితా అయిన సూపర్‌ఫండ్‌లో చేర్చింది. 2013లో శుద్ధి పథకం ఖరారైంది, 2020 నవంబరులో పూడిక తీయడం మొదలైంది. జాబితాకెక్కిన పదేళ్లకు పని మొదలైందని గమనించండి. ఆ చట్టం ప్రకారం ఖర్చు ఆ కాలుష్యానికి కారణమైన కంపెనీలు, వాటి వారసులు భరించాలి. ఆ పద్ధతి అన్నిచోట్లా లేదు. మీ దగ్గర ఎవరు భరిస్తారు? బిల్డర్ అయితే ఫ్లాటు ధరలో కలుస్తుంది, ప్రభుత్వం అయితే పన్నులో కలుస్తుంది. ఎవరూ కాదంటే బురద అక్కడే ఉంటుంది, దాని మీద పిల్లల పార్కు వస్తుంది. నన్నడిగితే, మీ అభ్యంతరాల్లో మొదటి పేజీలో ఉండాల్సింది ఇదే.

దీనికి ముడిపడిందే మురుగు. చాలా పాత నగరాల్లో వాన నీరు, మరుగుదొడ్ల నీరు ఒకే పైపులో పోతాయి. పెద్ద వాన పడితే పైపు నిండి మురుగు కాలువలోకి పొర్లుతుంది. కాలువ ఒడ్డున వేల ఫ్లాట్లు కడితే పొర్లేది ఇంకా పెరుగుతుంది. గొవానస్‌లో ఈ పొర్లును పట్టి ఉంచడానికి దాదాపు 3 కోట్ల లీటర్లది ఒకటి, 1.5 కోట్ల లీటర్లది ఒకటి, రెండు భూగర్భ ట్యాంకులు శుద్ధిలో భాగంగా కట్టాలన్నారు. ఎందుకంటే తీసిన పూడిక స్థానంలో కొత్త పూడిక చేరితే చేసిన ఖర్చంతా నీళ్ల పాలే. మీ ప్లానులో పూడికతీత ఉంది, మురుగు మళ్లింపు ఉందా?

నీళ్లు, నేల తేలాక భవనాల దగ్గరికి వద్దాం. ‘ముందు గోడ ఉంచుతాం’ అనే ప్రతిపాదనను నేను దాదాపు ఎప్పుడూ ఒప్పుకోను. మిల్లు విలువలో పెద్ద భాగం లోపల ఉంటుంది. మిల్లులకు నిప్పు పెద్ద భయం. చెక్క అంతస్తులు, నూనె మరకలు, దూది ధూళి, దీపాలు, ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ భయంలోంచే ఇనుప చట్రం పుట్టింది. ఇంగ్లండులో ష్రూస్‌బరీ శివారులో, కాలువ పక్కన, 1797లో చార్లెస్ బేజ్ రూపకల్పన చేసిన అవిసె నార మిల్లు ప్రపంచంలో మొదటి ఇనుప చట్రపు భవనం. పోత ఇనుప స్తంభాలు, వాటి మీద పోత ఇనుప దూలాలు, దూలానికీ దూలానికీ మధ్య ఇటుక కమాను. చెక్క లేదు. తర్వాత వచ్చిన ఉక్కు చట్రపు ఆకాశహర్మ్యాలన్నిటికీ మూలం ఇదే. బయట నుంచి చూస్తే అది మామూలు ఇటుక మిల్లు. ముందు గోడ మాత్రం ఉంచి ఉంటే ప్రపంచం ఏం పోగొట్టుకునేదో ఊహించండి. 1897లో అది మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) తయారుచేసే కార్ఖానా అయింది, ఆ పనికి వెలుతురు అక్కర్లేదు కాబట్టి కిటికీలు చాలావరకు ఇటుకలతో మూసేశారు. 1987లో మూతపడింది. దశాబ్దాల పాటు ఖాళీగా పడి ఉండి, ఎంతో మరమ్మతు తర్వాత 2022లో జనానికి తెరిచారు. ఇంత ముఖ్యమైన భవనానికే అంత కాలం పట్టింది. మీ మిల్లు రెండేళ్లలో తయారవ్వాలని ఎవరైనా ఒత్తిడి పెడితే ఆ గడువు ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి.

‘భవనం బలహీనంగా ఉంది, పడగొట్టక తప్పదు’ అనే రిపోర్టు మీ ముందుకు రావచ్చు. దాన్ని ఇంకో ఇంజనీరుకు, పాత కట్టడాల మీద పనిచేసిన వ్యక్తికి చూపించండి. పోత ఇనుము పైనుంచి వచ్చే బరువును బాగా మోస్తుంది, లాగితే మాత్రం హెచ్చరిక లేకుండా పుటుక్కున విరుగుతుంది. కాబట్టి స్తంభాల గురించి ధైర్యంగా ఉండొచ్చు, దూలాల విషయంలో జాగ్రత్త కావాలి. కొత్త ఉక్కు లెక్కలను పోత ఇనుముకు అతికిస్తే తప్పుడు జవాబు వస్తుంది. అసలు పరీక్ష ఏమిటంటే నమూనా తీసి ల్యాబులో చూడటం, లేదా ఒక అంతస్తు మీద కొలిచిన బరువు పెట్టి ఎంత వంగుతుందో చూడటం. ధాన్యం, యంత్రాలు మోసిన అంతస్తులకు ఇళ్ల బరువు, ఆఫీసుల బరువు తరచూ చాలా తక్కువ. ఇవేవీ చేయకుండా కళ్లతో చూసి రాసిన రిపోర్టుకు విలువ ఇవ్వనక్కర్లేదు.

గోడల విషయంలో ఎక్కువగా కనిపించే నష్టం సిమెంటు వల్ల జరిగేది. పాత ఇటుక మెత్తనిది, సున్నంతో కట్టింది. గోడలోకి చేరిన తేమ ఆ సున్నం సందుల్లోంచి బయటికి పోతుంది. ఎవరో ‘బాగుచేస్తాం’ అని ఆ సందుల్లో సిమెంటు నింపుతారు. తేమకు దారి మూసుకుపోయి ఇటుకలోంచే బయటికి తోసుకొస్తుంది, ఇటుక ముఖం పొరలు పొరలుగా ఊడుతుంది. సందుల్లో సిమెంటు గళ్లు మాత్రం ఎత్తుగా మిగిలి, మధ్యలో ఇటుక గుంటపడి ఉంటుంది. మీ మిల్లు గోడ ఎక్కడైనా అలా కనిపిస్తే అది ముసలితనం కాదు, చేతులారా చేసిన గాయం. సిమెంటు తీసి సున్నం పెడితే మిగిలిన గోడ నిలుస్తుంది.

ఏ భవనాన్ని దేనికి వాడాలన్నది దాని కట్టుబడే చెబుతుంది. మిల్లుకు పని చేసేవాళ్ల కోసం పెద్ద కిటికీలుంటాయి, కాబట్టి ఇళ్లు, ఆఫీసులు, కాలేజీలు కుదురుతాయి. గోదాము సరుకు కోసం కట్టింది, చిన్న కిటికీలు, మధ్యలో చీకటి. దాన్ని ఫ్లాట్లు చేయాలంటే గోడలు కోయాలి, నడిమిన బావిలా తవ్వాలి, చివరికి గోదాము మిగలదు. అక్కడ మార్కెట్టో, ఆర్కైవో, ప్రదర్శనశాలో పెట్టడం మంచిది. రంపపు పళ్లలాంటి కప్పున్న ఒంటి అంతస్తు షెడ్లకు వెలుతురు పైనుంచి సమానంగా వస్తుంది. వడ్రంగం, లోహపు పని, కుండలు చేసేవాళ్లకు అంతకంటే మంచి చోటు దొరకదు. బిల్డర్లకు అన్నిటికంటే చులకన ఈ షెడ్లే, స్థలం ఎక్కువ, అంతస్తులు తక్కువ అని. వాటిని కాపాడటానికి మీరు కొంచెం ఎక్కువ గొంతు వినిపించాలి.

బాగా జరిగిన పనికి ఉదాహరణ అడిగితే లండన్ కింగ్స్ క్రాస్ చెబుతాను. 1820లో పూర్తయిన రీజెంట్స్ కాలువ పక్కన 27 హెక్టార్ల రైల్వే సరుకు యార్డు అది. 1852లో లూయిస్ క్యూబిట్ కట్టిన ధాన్యపు గోదాము ఇప్పుడు ఆర్ట్ కాలేజీ, సెంట్రల్ సెయింట్ మార్టిన్స్ 2011లో అక్కడికి మారింది. దాని ముందు పడవలు ఆగే కొలను ఒకప్పుడు ఉండేది, అది పూడిపోయింది. ఆ జాగాను భవనంతో నింపకుండా పెద్ద మైదానంగా వదిలి, ఫౌంటెన్లు పెట్టి, మెట్లు నేరుగా కాలువ గట్టు మీదికి దించారు. గోదాముకూ నీటికీ ఉన్న పాత సంబంధం అలా చూపు ముందు నిలిచింది. బొగ్గు దించే పొడవాటి షెడ్లు 2018లో దుకాణాలయ్యాయి. గ్యాస్ నిల్వ ట్యాంకుల గుండ్రటి ఇనుప చట్రాల్లో మూడింటిని 2001లో కొత్త రైలు మార్గం కోసం విప్పాల్సి వచ్చింది, ఇంకోదాన్ని తర్వాత విప్పారు. వాటిని ముక్కలుగా దాచి, బాగుచేయించి, కాలువ అవతలి ఒడ్డున మళ్లీ నిలబెట్టారు. మూడింటి లోపల ఫ్లాట్లు కట్టారు, ఒకదాని లోపల పచ్చిక పార్కు ఉంది. నాకు ఆ పార్కే నచ్చింది, ఎవరైనా లోపలికి పోయి ఆ స్తంభాల మధ్య కూర్చోవచ్చు. ఫ్లాట్లున్న చట్రాల లోపలికి పోవాలంటే అక్కడ ఇల్లు కొనాలి. మీ గ్యాస్ ఫ్యాక్టరీ స్థలంలో ఇనుప చట్రం ఏదైనా మిగిలి ఉంటే ఈ తేడా గుర్తుంచుకోండి.

టవర్ల ఎత్తు మీద గొడవ తప్పదు. నేను ఎత్తుకు వ్యతిరేకిని కాను. ఒడ్డు నుంచి వెనక్కి జరిగి, వీధి వైపు కడితే కొంత ఎత్తు భరించొచ్చు, దాని డబ్బుతో పాత భవనం బాగవుతుంది కూడా. నీటి అంచున కడితే మాత్రం కాలువ రోజంతా నీడలో పడుతుంది, గట్టు బాట ఎవరి సొంత వరండానో అయిపోతుంది. గట్టు వెంట బాట మొత్తం పొడవునా, పగలూ రాత్రీ, గేటు లేకుండా అందరిదిగా ఉండాలని హక్కు పత్రంలోనే రాయించాలి. బ్రోచర్లో ఉన్న మాటకు చట్టం ముందు బలం లేదు.

మనుషుల సంగతి చివర్లో రాస్తున్నాను గానీ, నా దృష్టిలో అది తక్కువది కాదు. కాలువ బాగుపడితే అద్దెలు పెరుగుతాయి. లషీన్ కాలువ తవ్విన ఐరిష్ కూలీలు స్థిరపడిన గ్రిఫిన్‌టౌన్‌లో ఇప్పుడు కాండో (సొంతానికి కొనే ఫ్లాట్ల) టవర్లు నిండాయి, బడి, పార్కు లాంటి సౌకర్యాలు ఇళ్లతో సమానంగా రాలేదన్న విమర్శ బలంగా వచ్చింది. దానికి దగ్గర్లోనే పాయింట్ సెయింట్ చార్లెస్‌లో స్థానికులు ఇంకో దారి చూపించారు. అక్కడి పాత రైల్వే భవనం ఒకదాన్ని ఏళ్ల తరబడి పోరాడి బిల్డర్ నుంచి సంపాదించుకున్నారు. బాటిమాన్ సెట్ పేరుతో 2018లో తెరిచారు, కిరాణా దుకాణం, వర్క్‌షాపులు అన్నీ వాళ్ల నిర్వహణలోనే నడుస్తాయి. గొవానస్‌లో 2021 నవంబరులో జోనింగ్ (ఏ స్థలంలో ఏం, ఎంత ఎత్తు కట్టొచ్చనే నిబంధనలు) మార్చినప్పుడు వస్తాయన్న సుమారు 8,500 ఇళ్లలో 3,000 దాకా తక్కువ ఆదాయం వాళ్లకు అందే అద్దెకు ఇవ్వాలని లెక్కేశారు. ఇలాంటి షరతు పెట్టించగలిగేది జోనింగ్ మారకముందే. ఎక్కువ అంతస్తులకు అనుమతి ఇచ్చిన రోజున భూమి విలువ పెరిగిపోతుంది, ఆ తర్వాత బిల్డర్ చేతిలో కాగితం ఉంటుంది, మీ చేతిలో ఏమీ ఉండదు. చవక అద్దె ఇళ్లు ఎన్ని, షెడ్లలో ఇప్పుడు పని చేసుకుంటున్న చిన్న వర్క్‌షాపులకు ఎన్నేళ్ల లీజు, బడికి స్థలం ఎక్కడ, ఇవన్నీ అనుమతి షరతుల్లోనే ఉండాలి. పాత భవనం మరమ్మతు పూర్తయ్యేదాకా టవర్ ఫ్లాట్లలోకి ఎవరూ చేరకూడదు అనే షరతు కూడా అడగండి. అది లేని చోట టవర్ ముందు అమ్ముడవుతుంది, మిల్లు కప్పులోంచి వాన పడుతూనే ఉంటుంది. కప్పు కారిన భవనం త్వరగా పోతుంది, అప్పుడు ‘ఇక కాపాడలేం’ అనే రిపోర్టు తేలిగ్గా వస్తుంది. అందుకని ఇప్పుడే, ప్లాన్ మీద చర్చ నడుస్తుండగానే, కప్పుకు తాత్కాలికంగా రేకులు, వాన గొట్టాలకు మరమ్మతు, ఖాళీ భవనానికి కాపలా అడగండి.

ఎవరి అనుమతీ అక్కర్లేని పని ఒకటుంది, దాన్ని మాత్రం ఆలస్యం చేయకండి. లోపల మిగిలిన యంత్రాలు, షాఫ్టులు, గోడ మీద రంగుతో రాసిన విభాగాల పేర్లు, బస్తా నంబర్లు, స్తంభం మీద పోత పోసిన ఫౌండ్రీ పేరు, ఇవన్నీ శుభ్రం చేసే కాంట్రాక్టర్ కంటికి చెత్తే, మొదటి వారంలోనే తుక్కు లారీ ఎక్కుతాయి. లోపలికి పోనిస్తే ప్రతిదాన్నీ ఉన్నచోటే కొలబద్ద పక్కన పెట్టి ఫొటో తీయండి, ఏ అంతస్తు, ఏ స్తంభం పక్కన అని రాసుకోండి. పోనివ్వకపోతే అవతలి గట్టు మీద నుంచి ప్రతి తలుపు, ప్రతి దూలం తీయండి. ఆ మిల్లులో పని చేసినవాళ్లు, లేదా వాళ్ల పిల్లలు, మీ చుట్టుపక్కలే ఉంటారు. ఏ యంత్రం ఎక్కడ ఉండేది, బూడిద ఎక్కడ పోసేవాళ్లు, రంగు నీళ్లు ఏ తూములోంచి వదిలేవాళ్లు అని వాళ్లను అడిగి ప్లాను మీద గుర్తు పెట్టించండి. ఆ గుర్తుల కాపీని మట్టి పరీక్ష చేసే సంస్థకు ఇవ్వండి, బోర్లు అక్కడే వేయమని మీ అభ్యంతరాల పత్రానికి జత చేయండి.